పగడానికి బాకీపడ్డ వెలుగు

వెలుగుతున్న దీపాన్ని తీసి పక్కన పెట్టడం తెలుగు ఇళ్లలో అలవాటు లేని పని. ట్యూబులైటు చివర్లు నల్లబడి, మిణుకుమిణుకుమంటూ మొరాయించేదాకా ఎవరూ దాని జోలికి పోరు. అమెరికాలోనో జర్మనీలోనో ఇంట్లో ట్యూబుల వెలుగులో పగడాల అక్వేరియం పెట్టుకున్నవాళ్ల సంగతి వేరు. నిక్షేపంగా వెలుగుతున్న ట్యూబులను వాళ్లు ఏడాది తిరిగేలోపే విప్పేస్తారు. వాటి స్థానంలో ఏవి కొనాలి, నీలం ఎన్ని, తెలుపు ఎన్ని, ఏది ముందు మార్చాలి అని రోజుల తరబడి తర్జనభర్జన పడతారు. పైకి ఇదంతా డబ్బున్నవాళ్ల సరదాలా అనిపిస్తుంది. కాస్త లోతుకు దిగితే మాత్రం ఒక పాత ధర్మసందేహం ఎదురవుతుంది. ఒక ప్రాణిని దాని చోటు నుంచి తెచ్చి ఇంట్లో ఉంచుకున్నాక మనిషి దానికి ఏం బాకీపడతాడు? ఆ బాకీని ఎవరి కొలతతో కొలవాలి?

పగడానికి వెలుగు అలంకారం కాదు, అన్నం. దిబ్బలు కట్టే పగడాల మెత్తని కణాల్లో కంటికి కనిపించని ఏకకణ శైవలాలు కాపురముంటాయి. అవి ఎండను పట్టి చక్కెరలు తయారుచేసి, అందులో పెద్ద వాటాను ఇల్లిచ్చిన జంతువుకే అప్పగిస్తాయి. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఈ దారినే రావచ్చు. 1928-29లో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌కు సి.ఎం. యంగ్ నాయకత్వాన వెళ్లిన శాస్త్రవేత్తల బృందం లో ఐల్స్ దీవుల్లో మకాం వేసి, కొన్ని పగడాలను వెలుగు చొరని పెట్టెల్లో ఉంచి చూసింది. చీకట్లో ఉన్న పగడాలు తమలోని శైవలాలను పోగొట్టుకుని తెల్లబోయాయి.

సముద్రంలో ఈ అన్నం పెట్టేవాడు సూర్యుడు. ఉష్ణమండలంలో మిట్టమధ్యాహ్నం నీటి ఉపరితలం మీద పడే వెలుగు, కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కొలమానంలో, చదరపు మీటరుకు సెకనుకు సుమారు 2000 మైక్రోమోల్స్ ఉంటుంది. నీరు ముందుగా ఎరుపును మింగేస్తుంది, నీలాన్ని అన్నిటికన్నా లోతుకు పోనిస్తుంది. అందుకే శైవలాలు నీలం వెలుగును పట్టుకోవడంలో ఆరితేరాయి. ఇలాంటి గాజు తొట్టిలో ఆ సూర్యుడి స్థానాన్ని 16 మిల్లీమీటర్ల లావున్న గొట్టాలు తీసుకున్నాయి. టీ5 అనే ఈ ట్యూబుల్లో నాలుగడుగుల రకం 54 వాట్లు తాగుతుంది. లోపలి పాదరసపు ఆవిరి కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను విడుదల చేస్తే, గాజు లోపలి గోడకు పూసిన ఫాస్ఫర్ పొడి వాటిని కనబడే వెలుగుగా మారుస్తుంది. ఏ పొడిని ఏ పాళ్లలో కలిపారన్న దాన్ని బట్టి ట్యూబు రంగు ఉంటుంది. 420 నానోమీటర్ల దగ్గర వెలిగే ఊదారంగు ఆక్టినిక్, 460 చుట్టుపక్కల వెలిగే నీలం, 10,000 కెల్విన్లకు పైబడిన చల్లని తెలుపు, ఎరుపు కలిసిన గులాబీ వన్నె. ఎంపిక ఎక్కువగా వీటి మధ్యనే సాగుతుంది.

అసలు చిక్కు వచ్చేది ఇక్కడే. దీపాల డబ్బాల మీద అచ్చువేసే ల్యూమెన్లు, లక్స్‌లు మనిషి కంటి కొలతలు. మామూలు వెలుతురులో సగటు మనిషి కన్ను ఏ రంగును ఎంత బలంగా గ్రహిస్తుందో 1924లో అంతర్జాతీయ దీపన సంఘం ఒక ప్రమాణంగా నిర్ణయించింది. ఆ లెక్కన మన కంటికి అత్యంత ప్రకాశవంతంగా తోచేది 555 నానోమీటర్ల దగ్గరి పచ్చదనం. పగడానికి అన్నం పెట్టే నీలం మన కంటికి మసకగా ఉంటుంది. గదికి బ్రహ్మాండంగా వెలుగునిచ్చే ట్యూబు తొట్టిలోని ప్రాణికి అరకడుపు భోజనం కావచ్చు. మనకు గుడ్డిగా కనిపించేది దానికి విందు కావచ్చు. కెల్విన్ సంఖ్య కూడా మన కంటికి ఆ రంగు ఎలా తోస్తుందో చెప్పేదే. ఒకే కెల్విన్ సంఖ్య ఉన్న రెండు ట్యూబుల్లో తరంగాల పాళ్లు వేరువేరుగా ఉండవచ్చు.

ట్యూబు ముసలితనం కూడా కంటిని మోసం చేస్తుంది. ఫాస్ఫర్ పూత నెమ్మదిగా అరిగిపోతుంది. నీలం వెలుగునిచ్చే బేరియం మెగ్నీషియం అల్యూమినేట్ లాంటి పొడులు మిగతావాటికన్నా త్వరగా డీలాపడతాయి. రోజుకు పది గంటల చొప్పున వెలిగిస్తే ఏడాదికి 3,650 గంటలు. అప్పటికీ ట్యూబు వెలుగుతూనే ఉంటుంది, ఇంకా చాలాకాలం వెలగగలదు కూడా. అయినా అనుభవజ్ఞులు తొమ్మిది నుంచి పన్నెండు నెలల్లో మార్చేయడానికి కారణం ఈ నీలం తగ్గుదలే. రోజూ చూసే కళ్లకు రోజురోజు తగ్గుదల ఆనదు. కొత్త ట్యూబును పాతదాని పక్కన వెలిగించినప్పుడే తేడా బయటపడుతుంది. అప్పటికే పగడం ఎన్ని నెలలుగా పస్తులుంటోందో!

భారతీయ తార్కికులు ప్రత్యక్షాన్ని తొలి ప్రమాణంగా గౌరవిస్తూనే, దానికి అందని చోట అనుమానాన్ని, అంటే హేతువు నుంచి సాగే ఊహను, ఆశ్రయించమన్నారు. ఇక్కడ ధర్మానికి కూడా అదే దారి. "నాకు బాగానే కనిపిస్తోంది కదా" అన్న మాట ఎదుటి ప్రాణి విషయంలో సాక్ష్యంగా చెల్లదు. మీటరు పెట్టి కొలవాలి, తేదీ రాసుకోవాలి, పగడం వన్నెను గమనించాలి. మెత్తని పగడాలు చాలావరకు 50 నుంచి 150 మైక్రోమోల్స్ వెలుగుతో సరిపెట్టుకుంటాయి. రాతికొమ్మల్లా పెరిగే ఆక్రోపొరా జాతులకు 200 నుంచి 400 దాకా కావాలంటారు. ఇవి మన ఇష్టాయిష్టాల అంకెలు కావు, ఆ ప్రాణి ఆకలి అంకెలు.

ఇప్పుడు ఆ మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ వెలుగు దానమా, రుణమా?

మన సంప్రదాయంలో గృహస్థుకు విధించిన పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. తాను తినేముందు కాకికి, కుక్కకి, చీమకి ఒక ముద్ద తీసిపెట్టాలి. ఆ ముద్ద కోసం వచ్చే కాకి స్వేచ్ఛాజీవి. ఈ గుమ్మంలో దొరక్కపోతే మరో గుమ్మానికి ఎగిరిపోతుంది. మన చేయి ముడుచుకున్నంత మాత్రాన దాని బతుకు ఆగిపోదు. తొట్టిలోని పగడానికి మరో గుమ్మం లేదు. దాని పగలూ రాత్రీ మన స్విచ్చు చేతిలో ఉన్నాయి. ఎండను అందనివ్వని చోటికి దాన్ని తెచ్చింది మనిషే కాబట్టి, ఆ ఎండకు బదులు ఇవ్వడం అతని ఔదార్యం కిందికి రాదు. అది పుచ్చుకున్నదాన్ని తిరిగి చెల్లించడం. భగవద్గీత మూడో అధ్యాయం దేవతలు ఇచ్చినదాన్ని వారికి తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాణ్ణి దొంగ అంటుంది. గృహస్థు ధర్మంలో ఈ తూకం చాలా కీలకం. దానం ఇచ్చేవాడికి ఎంత, ఎప్పుడు, ఎలా అన్న స్వేచ్ఛ ఉంటుంది. బాకీ ఉన్నవాడికి ఆ స్వేచ్ఛ లేదు. గడువు, మొత్తం, నాణ్యం అన్నీ అప్పిచ్చినవాడి లెక్క ప్రకారమే సాగాలి.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. పగడానికి మెదడు లేదు. ఉన్నది పలచని నాడుల అల్లిక మాత్రమే. బాధపడలేని ప్రాణికి మనిషి రుణపడటమేమిటి? జంతువుల పట్ల నీతిని బాధ అనే గీటురాయి మీద పరీక్షించిన పీటర్ సింగర్ 1975లో వెలువడిన 'యానిమల్ లిబరేషన్'లో తన గీతను రొయ్యకూ ఆల్చిప్పకూ మధ్య ఎక్కడో గీశాడు. ఆ లెక్కన పగడం గీతకు అవతలే ఉండిపోతుంది.

జైనులు వేరే దారిన వెళ్లారు. శాంతిసూరి జీవవిచార ప్రకరణం పగడాన్ని స్ఫటికం, మణుల సరసన పృథ్వీకాయ జీవుల్లో చేర్చింది. అంటే దాన్ని రాయి అనుకుంటూనే, ఆ రాయికీ ప్రాణం ఉందని, దాన్ని హింసించకూడదని ఆ సంప్రదాయం భావించింది. వర్గీకరణ తప్పే కావచ్చు, జాగ్రత్త మాత్రం తప్పు కాలేదు. ఐరోపాలోనూ పగడం జాతకం ఇలాగే మారుతూ వచ్చింది. 1706లో మార్సిగ్లి అనే పరిశోధకుడు దాని మీద విచ్చుకున్న చిన్న చిన్న కేసరాలను చూసి పూలనుకుని, మొక్కేనని తేల్చాడు. 1720ల్లో పేసొనెల్ అనే వైద్యుడు అవి పూలు కావు, జంతువులని చెబితే పారిస్ శాస్త్ర అకాడమీలోని పెద్దలు నమ్మలేదు. ఆయన మాట నిలబడటానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది.

రాయి అన్నారు, మొక్క అన్నారు, జంతువు అన్నారు. చివరికి చూస్తే మూడూ ఒకే ఒంట్లో ఉన్నాయి. సున్నపు అస్థిపంజరం, జంతువు, లోపల శైవలం. ఒక ప్రాణి ఏమిటో తేల్చడానికే మనిషికి ఇంతకాలం పట్టినప్పుడు, అది బాధపడుతుందో లేదో పూర్తిగా తేలాకే బాధ్యత మొదలవుతుందనడం అనుకూలమైన వాయిదా మాత్రమే. పగడానికి నొప్పి తెలుస్తుందా అన్నది అలా ఉండనిద్దాం. దానికి మేలు అన్నది ఒకటి ఉందని, కీడు అన్నది ఒకటి ఉందని కళ్లకు కనిపిస్తోంది. తగిన వెలుగులో అది పెరుగుతుంది, కొమ్మలేస్తుంది, రంగు తేరుతుంది. లేకపోతే పాలిపోయి చస్తుంది. రుణానికి ఆ మాత్రం ఆధారం చాలు.

బాకీ తీర్చే పద్ధతిలోనూ ధర్మం ఉంది. ట్యూబు మార్చే రోజున మంచి అక్వేరియం పెంపకందారు చేతులను దగ్గరగా చూడాలి. ముందు స్విచ్చు ఆపి, దీపాల పెట్టె చల్లారేదాకా ఆగుతాడు. నీటి తుంపరలు ఎండి రిఫ్లెక్టరు మీద తెల్లగా గడ్డకట్టిన ఉప్పు పొరను తడి గుడ్డతో, మొండికేసిన చోట కాస్త వెనిగరుతో తుడుస్తాడు. ఆ పొరను తుడవకపోతే కొత్త ట్యూబు తెచ్చీ ప్రయోజనం సగమే. పాత ట్యూబును పావు చుట్టు తిప్పి హోల్డరు నుంచి జాగ్రత్తగా లాగుతాడు. కొత్తదాని చివర, లోహపు టోపీ దగ్గర, చెరగని సిరాతో తేదీ రాసి బిగిస్తాడు. ఆ రోజుకు అంతే. నాలుగు ట్యూబులున్నా ఒక్కటే మారుస్తాడు. రెండోది మరో రెండు వారాలకు, మూడోది ఆ తర్వాత.

ఎందుకీ నింపాది? నెలల తరబడి మసక వెలుగుకు అలవాటుపడ్డ పగడం మీద ఒక్కసారిగా కొత్త వెలుగు కుమ్మరిస్తే దానిలోని శైవలాలు తట్టుకోలేవు. కిరణజన్య సంయోగక్రియ అదుపు తప్పి, కణాలను కాల్చే ఆక్సిజన్ రూపాలు పుట్టుకొస్తాయి. పగడం తన అన్నదాతలనే బయటికి నెట్టేస్తుంది, తెల్లబోతుంది. పస్తులున్నవాడికి ఒక్కసారిగా విస్తరి నిండా వడ్డించకూడదని మన పెద్దలకు తెలుసు. అన్నీ ఒకేసారి మార్చక తప్పనప్పుడు దీపాల పెట్టెను కాస్త ఎత్తులో వేలాడదీస్తారు, వెలిగే గంటలు తగ్గిస్తారు, సన్నని జాలీ అడ్డుపెట్టి వారాల మీద తొలగిస్తారు. ఆలస్యంగా తీర్చిన బాకీని ఒక్కసారిగా నెత్తిన కుమ్మరించడం కూడా అపకారమే.

రాత్రిని సైతం ఈ రుణంలో లెక్కించాలి. సముద్రంలో ఎన్నో పగడాలు ఏడాదిలో కొద్ది రాత్రులే, చంద్రుడి తిథిని బట్టి, ఒక్కుమ్మడిగా అండాలనూ శుక్రకణాలనూ విడుస్తాయి. గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఈ సామూహిక సంతానోత్సవాన్ని శాస్త్రలోకం 1980ల తొలినాళ్లలోనే గుర్తించింది. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం పుట్టిల్లైన సముద్రపు ఉష్ణోగ్రత, పగటి నిడివి, వెన్నెల పెరుగుతూ తరుగుతూ ఉండే క్రమం అన్నిటినీ తొట్టిలో అనుకరించి, పగడాల చేత సంతానోత్పత్తి చేయించింది. 2017లో ఆ విధానాన్ని ప్రచురించింది. 2019 ఆగస్టులో ఫ్లోరిడా అక్వేరియం ఆ బృందం తోడ్పాటుతో, అట్లాంటిక్ సముద్రంలో కరువైపోతున్న స్తంభపు పగడాన్ని తొట్టిలోనే సంతానానికి తీసుకొచ్చింది. పగటి దీపం ఎంత మంచిదైనా, పక్షానికి తగ్గ వెన్నెల లేకపోతే ఆ ప్రాణి జీవితం పూర్తికాదని ఈ ప్రయోగాలు చూపాయి.

ఇంతకూ ఇంట్లో సముద్రాన్ని ఎందుకు పెట్టుకోవాలి? అక్వేరియం చరిత్రలోనే ఈ ప్రశ్న గుచ్చుకుంటుంది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో తొలి బహిరంగ అక్వేరియం తెరవడంలో చేయి కలిపి, 1854లో 'ది అక్వేరియం' పుస్తకంతో ఆ మాటను జనం నోట నానేలా చేసిన ఫిలిప్ హెన్రీ గోస్ పరమభక్తుడు. సముద్రపు కుసుమాల్లో ఆయన సృష్టికర్త మహిమను చూశాడు. 1857లో 'ఓంఫలోస్' రాసి, పురాతన శిలలనూ బైబిలు సృష్టిగాథనూ సమన్వయం చేయబోయాడు. ఆయన పుస్తకాలు చదివిన జనం డెవన్ తీరానికి ఎగబడి రాళ్ల మధ్య గుంటలను ఊడ్చేశారు. ఆ విధ్వంసాన్ని ఆయన కొడుకు ఎడ్మండ్ 1907లో వెలువడిన 'ఫాదర్ అండ్ సన్'లో వేదనతో రాశాడు. అందాన్ని ఆరాధించడానికీ దాన్ని ఇంటికి తెచ్చుకోవాలనుకోవడానికీ మధ్య ఉన్న గీతను ఆ భక్తుడి పాఠకులు గుర్తించలేదు. భక్తి ఎంత నిజమైనదైనా అపరిగ్రహం తోడులేకపోతే తీరం ఖాళీ అవుతుంది.

మరోవైపు, తొట్టి ఆశ్రయమైన సందర్భాలూ ఉన్నాయి. 2014లో మయామీ సమీపంలో మొదలై ఫ్లోరిడా దిబ్బలను తినేస్తూ వచ్చిన వ్యాధి నుంచి కాపాడటానికి 2018 నుంచి అక్కడి పగడాలను తీసి అమెరికా అంతటా అక్వేరియాలకు తరలించారు. 2023 జులైలో ఫ్లోరిడాలోని మానటీ బే దగ్గర ఒక కొలమానం నీటి వేడిని 38 డిగ్రీల సెల్సియస్ పైన చూపింది. సముద్రంలో పెంచుతున్న పగడపు నారును శాస్త్రవేత్తలు హడావిడిగా ఒడ్డున ఉన్న తొట్లలోకి చేర్చారు. 2024 ఏప్రిల్లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబోతున్నాయని అధికారికంగా ప్రకటించారు. సముద్రమే వేడెక్కి పగడాన్ని వెళ్లగొడుతున్న కాలమిది. అలాంటప్పుడు దీపం వెలిగించి ఉంచినవాడి పని నిస్సందేహంగా పుణ్యమే. అయినా కాపాడటానికి తెచ్చినవాడికీ, సరదాకు తెచ్చినవాడికీ తొట్టి ముందు నిలబడ్డాక రుణం ఒక్కటే. తెచ్చిన ఉద్దేశం మంచిదైనంత మాత్రాన ట్యూబు మార్చే గడువు ఒక్క నెల కూడా వెనక్కి జరగదు.

కాబట్టి తీర్పు ఇలా ఉండాలి. సముద్రం నుంచి విరిచి తెచ్చిన పగడాన్ని కొనడం తప్పు. తొట్లలో పెంచిన పగడపు ముక్కలను మాత్రమే, అదీ చట్టం ఒప్పుకున్న దేశంలో, వాటి వెలుగునూ రాత్రినీ ఏళ్ల తరబడి భరించగలిగినవాడే తీసుకోవాలి. భరించలేనివాడు చేపల తొట్టితో తృప్తిపడాలి. భారతదేశంలో ఆ ప్రశ్నే లేదు. దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. లక్షద్వీపమైనా, అండమానైనా, మన్నార్ సింధుశాఖైనా అక్కడి పగడం అక్కడే ఉండాలి. ఎవరు అమ్మజూపినా కొనకూడదు.

చివరిగా, విప్పేసిన పాత ట్యూబు మాట. దానిలో కొద్ది మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. చెత్తకుండీలో పగిలితే అది నేలలోకి, వాననీటి వెంట కాలువలోకి, కాలువ నుంచి సముద్రంలోకి పోతుంది. బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి, చేపల ఒంట్లో అది పేరుకుంటుంది. 1956లో జపాన్‌లోని మినమాటా ఊళ్లో బయటపడ్డ నరాల జబ్బుకు ఈ విషమే కారణమని తర్వాత తేలింది. ఆ ఊరి పేరుతోనే 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో భారతదేశం కూడా భాగస్వామి. సాధారణ వాడకపు ఫ్లోరసెంట్ దీపాల తయారీని, ఎగుమతి దిగుమతులను 2027 నాటికి ఆపేయాలని ఆ ఒప్పంద దేశాలు 2023లో నిర్ణయించాయి. ఒక పగడానికి వెలుగిచ్చిన గొట్టం మరో పగడం బతికే నీటిలో విషం కలపకూడదు కదా. ఈ జాగ్రత్త అక్వేరియం ఉన్నవాళ్లకే పరిమితం కాదు. మన ఇళ్లలో అటక మీదో, మెట్ల కిందో మూలపడి ఉన్న పాత ట్యూబులైట్లు కూడా మన ఈ-వ్యర్థాల నిబంధనల కిందికే వస్తాయి. వాటిని పగలగొట్టకుండా, చెత్తబండిలో వేయకుండా, గుడ్డలోనో అట్టలోనో చుట్టి ఈ-వ్యర్థాలు సేకరించేవాళ్లకు అప్పగించండి.